కతోలిక గురువులపై లైంగిక ఆరోపణలు: ఏది నమ్మాలి, ఎవరు తేల్చాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల విశ్వాసులు, ముఖ్యంగా బోర్డింగుల్లో పిల్లలను చదివించుకుంటున్న తల్లిదండ్రులు కొన్నేళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను నల్గొండ కోర్టులో వకీలును, పుట్టుకతో కతోలికుణ్ణి. ఈ రెండూ ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ విషయం ఎత్తినవాణ్ణి మన దగ్గర మొదట అడిగేది "నువ్వు ఎవరి దిక్కు?" అనే.

ఫాదర్ గారి మీద ఒక పిల్ల ఆరోపణ చేసింది. నమ్మాలా, వద్దా?

ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఆగుదాం అనుకోవడంలోనే చాలా కేసులు పాడయ్యాయి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం మీరు నమ్మారా లేదా అని అడగదు. 18 ఏళ్లలోపు పిల్లల మీద నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం ఉన్నా పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్ ప్రతి ఒక్కరినీ ఆదేశిస్తుంది. మంచి మనసుతో చెప్పినవారి మీద, తర్వాత ఆరోపణ నిలవకపోయినా, కేసు పెట్టడానికి వీల్లేదని అదే సెక్షన్ రక్షణ ఇస్తుంది. నిజమో కాదో తేల్చడం తల్లిదండ్రుల పని కాదు, సంఘ పెద్దల పని కాదు, ఊళ్లో ప్రార్థనలు నడిపే ఉపదేశి పని అసలే కాదు. మీరు చేయాల్సింది పిల్ల మాటను మధ్యలో అడ్డుకోకుండా, మీ మాటలు అందించకుండా వినడం, విన్నది విన్నట్టు చేర్చడం.

"నమ్మదగిన ఆరోపణ" అని శ్రీసభ (కతోలిక చర్చి) అంటే నేరం రుజువైనట్టేనా?

కాదు. గొడవల్లో సగం ఈ ఒక్క మాట చుట్టూనే నడుస్తాయి. మెట్లు వేరు వేరుగా ఉన్నాయి. శ్రీసభ చట్టంలో ప్రాథమిక విచారణ మొదలుపెట్టడానికి ఆరోపణలో సత్యం ఉండే అవకాశం కనిపిస్తే చాలు. ఆ గురువు ఆ ఏట ఆ పారిష్‌లో ఉన్నారా, చెప్పిన చోటు ఉందా, చెప్పిన సంగతి జరగడానికి వీలుందా అన్నంతవరకే చూస్తారు. పోలీసు ఎఫ్ఐఆర్ ఇంకా కింది మెట్టు: ఫిర్యాదులో విచారణార్హమైన నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితా కుమారి కేసులో తేల్చింది. చార్జిషీటుకు సాక్ష్యం కావాలి, శిక్షకు సందేహానికి తావులేని రుజువు కావాలి. పై మెట్టుకు చాలలేదని కింది మెట్టును అబద్ధమనడం ఎంత పొరపాటో, కింది మెట్టు ఎక్కగానే ఆయన నేరస్థుడని మైకులో చెప్పడం అంతే పొరపాటు. (మన కతోలికుల భాషలో పారిష్‌నూ విచారణ అంటాం, ఎంక్వయిరీనీ విచారణ అంటాం. మొదటి దాంట్లో జరిగినదానికి రెండోది జరగాలంటే మాత్రం ఊరంతా ఎందుకో తడబడుతుంది.)

నిజమే అయితే ఇన్నేళ్లు ఎందుకు నోరు మెదపలేదు?

నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగే తీరులోనే జవాబు నిర్ణయమైపోయి ఉంటుంది.

ఆస్ట్రేలియాలో సంస్థల్లో పిల్లలపై లైంగిక దాడుల మీద 2013 నుంచి 2017 దాకా పనిచేసిన రాయల్ కమిషన్ (ప్రభుత్వ విచారణ సంఘం) అక్కడి కతోలిక సంస్థలకు అందిన దావాలను లెక్కవేసింది. ఘటనకూ దావాకూ మధ్య సగటున 33 ఏళ్లు గడిచాయని తేలింది. అక్కడ పోలీసు స్టేషన్ దూరమూ కాదు, చదువు లేని జనమూ కాదు. అయినా అన్నేళ్లు పట్టింది. ఇక మన దగ్గర దేవరకొండ పక్క తండా నుంచో, అచ్చంపేట దిక్కు పల్లె నుంచో వచ్చిన పిల్ల సంగతి ఆలోచించండి. ఆమె బోర్డింగ్ సీటు, తమ్ముడి ఫీజు మాఫీ, అక్క పెళ్లికి కావాల్సిన జ్ఞానస్నాన పత్రం, చివరికి తాత సమాధికి చోటు కూడా అదే మనిషి సంతకం మీద ఆధారపడి ఉంటాయి. తండ్రి ఆయన ముందు కుర్చీలో కూర్చోడు. ఆ ఇంట్లో ఆ పిల్ల ఎవరికి చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి?

ఆలస్యం ఒక్కటే చూపి ఫిర్యాదును కొట్టేయకూడదని, కుటుంబ పరువు గురించిన భయం వల్ల జాప్యం జరగడం సహజమని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. మూడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరాలకు మన క్రిమినల్ చట్టంలో కాలపరిమితి లేదు. శ్రీసభ చట్టంలో కాలపరిమితి బాధితులకు 18 ఏళ్లు నిండిన నాటి నుంచి 20 ఏళ్లు, దాన్ని సడలించే అధికారం రోముకు ఉంది. అయితే 2012 నవంబర్‌కు ముందు జరిగినదానికి పోక్సో వర్తించదని, అప్పటి శిక్షాస్మృతి ప్రకారమే కేసు నడుస్తుందని గుర్తుపెట్టుకోవాలి. జాప్యం వల్ల సాక్ష్యం పలుచబడుతుందన్నది కూడా నిజమే, అది దాచకూడదు. రిజిస్టర్లు పోతాయి, తోటి పిల్లలు చెదిరిపోతారు, భవనమే కూలగొట్టి కొత్తది కడతారు. కానీ సాక్ష్యం పలుచబడటం వేరు, చెప్పినది అబద్ధం కావడం వేరు.

పిల్ల ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెబుతోంది. కల్పన అనుకోవచ్చా?

ఏది మారిందో చూడాలి. కొన్నేళ్ల కింద ఒక తల్లి కూతురినీ, కూతురి బోర్డింగ్ ట్రంకు పెట్టెనూ వెంటబెట్టుకుని బస్టాండు నుంచి నేరుగా నా ఆఫీసుకు వచ్చింది. పెట్టె మీద తెల్ల పెయింటుతో పిల్ల పేరు, తరగతి రాసి ఉన్నాయి. పిల్ల మొదట "దసరా సెలవుల ముందర" అన్నది, తర్వాత "క్రిస్మస్ ప్రోగ్రాం ప్రాక్టీసుల" అన్నది. రెండు నెలల తేడా. మొదట్లో నాకే అనుమానం వచ్చింది. కానీ ఆ గదిలో స్టాండ్ ఫ్యాను తిరిగినప్పుడల్లా టకటకమనేదని, బల్ల మీది ప్లాస్టిక్ కవరుకు ఒక మూల సిగరెట్ కాలిన మచ్చ ఉందని మాత్రం మూడుసార్లు అడిగినా అట్లాగే చెప్పింది. పోలీసులు గది చూసినప్పుడు మచ్చ ఉంది. ఔట్‌పాస్ రిజిస్టర్ తీస్తే ఆమె చెప్పిన తోటి పిల్ల ఇంటికి వెళ్లిన తేదీ డిసెంబర్‌లో దొరికింది. నెల విషయంలో ఆమె తప్పింది, గది విషయంలో తప్పలేదు.

పిల్లలకు తేదీలు క్యాలెండర్ ప్రకారం గుర్తుండవు. పండుగలు, పరీక్షలు, వాన, జ్వరం ప్రకారం గుర్తుంటాయి. కాబట్టి ఎన్నిసార్లు, ఏ నెలలో అన్నచోట తేడా వస్తే దాని బరువు తక్కువ. ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది అన్న మూలమే మారిపోతుంటే, లేదా ప్రతిసారీ పెద్దల వకాల్తా భాష దొర్లుతుంటే, అప్పుడు గట్టిగా పరీక్షించాల్సిందే. పిల్లను పదిమంది పదిసార్లు అడిగితే పది రకాలుగా చెప్పడం ఖాయం కనుక చట్టం కూడా ఆ జాగ్రత్త తీసుకుంది. వాంగ్మూలం ఇంట్లోనో, పిల్లకు నచ్చిన చోటనో, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. కోర్టులో దబాయింపు ప్రశ్నలు వేయకూడదు, మళ్లీ మళ్లీ పిలవకూడదు. సంఘ పెద్దలు ముందే పిల్లను కూర్చోబెట్టి చేసే "చిన్న ఎంక్వయిరీ" నిందితునికి ఉపయోగపడినంతగా ఇంకెవరికీ ఉపయోగపడదు.

సాక్షులు లేరు, డాక్టరు రిపోర్టులో ఏమీ లేదు. కేసు నిలుస్తుందా?

నిలవవచ్చు. ఇలాంటి నేరం నలుగురి ముందు జరగదు. బాధితురాలి ఒక్క మాట నమ్మదగినదిగా ఉంటే దాని మీదే శిక్ష వేయవచ్చని గుర్మీత్ సింగ్ తీర్పు చెబుతోంది. అయితే ఒంటరి సాక్ష్యం మీద ఆధారపడినప్పుడు ఆ సాక్ష్యం మేలిమిగా ఉండాలని తర్వాతి తీర్పులు కూడా పట్టుబట్టాయి.

కోర్టు నిర్దోషి అంది. అంటే ఆరోపణ అబద్ధమని తేలినట్టేగా?

రెండు కేసులు చూద్దాం, రెండింటినీ రెండు పక్షాలవాళ్లూ తమకు కావాల్సినట్టు వాడుకుంటారు.

జలంధర్ పీఠాధిపతి (బిషప్) ఫ్రాంకో ములక్కల్ 2014 నుంచి 2016 మధ్య తనపై పలుమార్లు అత్యాచారం చేశారని కేరళలోని ఒక సిస్టర్ 2018 జూన్‌లో పోలీసులకు ఫిర్యాదు చేశారు. తోటి సిస్టర్లు కొచ్చిలో రోడ్డెక్కి కూర్చున్నాక, సెప్టెంబర్‌లో ఆయన అరెస్టయ్యారు. 2022 జనవరి 14న కొట్టాయం కోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆమె వేర్వేరు సందర్భాల్లో చెప్పినవి ఒకదానితో ఒకటి పొసగలేదని, గింజనూ పొట్టునూ వేరుచేయలేని స్థితి ఉందని తీర్పు సారం. మొదట తోటి సిస్టర్లకు ఆమె విషయం పూర్తిగా చెప్పకపోవడాన్ని అబద్ధానికి గుర్తుగా చూశారని, తన పై అధికారి ముందు నిలబడ్డ సన్యాసిని పరిస్థితిని తూకం వేయలేదని విమర్శలు వచ్చాయి, అప్పీళ్లు దాఖలయ్యాయి. ఆయన 2023 జూన్‌లో పదవికి రాజీనామా చేశారు. ఆ తీర్పును నేను పూర్తిగా చదివాను. కొన్ని అనుమానాలు న్యాయమైనవే అనిపించింది, కొన్ని మాత్రం బాధితులు ఎలా ప్రవర్తించాలో ముందే రాసిపెట్టుకున్న కొలతతో కొలిచినట్టనిపించింది.

రెండోది కార్డినల్ జార్జ్ పెల్ కేసు. ఆస్ట్రేలియాలో జ్యూరీ 2018 డిసెంబర్‌లో ఆయనను దోషి అంది, ఆయన 400 రోజులకు పైగా జైల్లో ఉన్నారు. 2020 ఏప్రిల్ 7న అక్కడి హైకోర్టు, అంటే వారి అత్యున్నత న్యాయస్థానం, ఏడుగురు న్యాయమూర్తులూ ఏకమై శిక్ష రద్దు చేసింది. ఫిర్యాదుదారుడు అబద్ధమాడాడని ఆ తీర్పు అనలేదు. అతని మాట జ్యూరీకి నమ్మదగినదిగా తోచిందని ఒప్పుకుంటూనే, పూజ ముగిశాక ఆ ప్రాంతంలో ఎవరెవరు ఉంటారో చెప్పిన ఇతర సాక్ష్యాన్ని బట్టి సందేహం కలగక తప్పదని అంది. ఒక మనిషిని నమ్మడం, ఒక నేరం రుజువు కావడం ఒకటే కాదని ఇంతకన్నా స్పష్టంగా చూపే తీర్పు నాకు తెలియదు.

నిర్దోషి అని కోర్టు చెప్పాక ఆ మనిషిని నేరస్థుడని పిలవకూడదు. అదే నోటితో ఫిర్యాదు చేసినామెను అబద్ధాలకోరు అనీ పిలవకూడదు. కోర్టు ఆ రెండో మాట అనలేదు కదా.

అయితే తప్పుడు ఆరోపణలే ఉండవంటారా?

ఉంటాయి. 1993 నవంబర్‌లో షికాగో కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్‌పై ఒక యువకుడు ఆరోపణ చేశాడు. హిప్నాసిస్‌లో బయటపడిన తన జ్ఞాపకాన్ని తానే నమ్మలేకపోతున్నానని 1994 ఫిబ్రవరిలో ఉపసంహరించుకున్నాడు. ఆ యువకుడు అబద్ధాలు అల్లినవాడు కాదు, అతని జ్ఞాపకం అతన్నే మోసం చేసింది. ఐర్లండ్‌లో 2011లో జాతీయ టెలివిజన్ ఒక గురువు కెన్యాలో మైనరుపై అత్యాచారం చేసి బిడ్డకు తండ్రయ్యారని ప్రసారం చేసింది. పితృత్వ పరీక్షలు ఆయనకు సంబంధం లేదని తేల్చాయి, సంస్థ క్షమాపణతో పాటు పెద్ద మొత్తంలో పరిహారం చెల్లించాల్సి వచ్చింది. పరీక్ష చేయించుకుంటానని ఆ గురువు ప్రసారానికి ముందే చెప్పారు, వాళ్లు ఆగలేదు.

మన దగ్గర జరిగిన ఒకటి కూడా చెబుతాను. సమాధుల స్థలం పక్కన షాపుల లీజు గొడవ ముదిరిన ఒక విచారణలో, ఆదివారం పొద్దున గుడి గేటుకు కంప్యూటర్ అక్షరాల కరపత్రం అతికించి ఉంది. అందులో "బాలికలతో అసభ్య ప్రవర్తన" అని ఉంది. ఏ బాలిక, ఏ ఏడు, ఏ చోటు అన్నవి మాత్రం లేవు. కింద సగం పేజీ లీజు లెక్కలే. అప్పుడు కూడా పోలీసులకు చెప్పమనే సలహా ఇచ్చాను. వాళ్లు బోర్డింగ్ పిల్లలతో విడివిడిగా మాట్లాడారు, ఏమీ బయటపడలేదు. ఆ ఫాదర్ గారు ఇప్పుడు వేరే చోట ఉన్నారు, కరపత్రం ఫోటో మాత్రం ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. ఆ రోజే లెక్కప్రకారం విచారణ జరగకపోయి ఉంటే, "ఏమీ దొరకలేదు" అని ఆయన తరఫున చెప్పడానికి ఈనాడు ఏ కాగితమూ ఉండేది కాదు.

పరువు తీయడానికో, డబ్బు గుంజడానికో తప్పుడు పోక్సో ఫిర్యాదు చేస్తే 22వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు ఉంది, అయితే పిల్లలకు ఆ శిక్ష వర్తించదు. రుజువు కాకపోవడమూ, తప్పుడు ఫిర్యాదూ ఒకటే కాదని ఇక్కడా గమనించాలి. కులం గొడవ, ఊరి గొడవ, గురువుల మధ్య వర్గాల గొడవ వెనక ఉందని తెలిసినంత మాత్రాన ఆరోపణ అబద్ధం అయిపోదు. శత్రువు మోసుకొచ్చిన వార్త కూడా నిజం కావచ్చు.

కుటుంబం రాజీకి ఒప్పుకుంది, పిల్ల కూడా మాట వెనక్కి తీసుకుంది. ఇక అయిపోయినట్టేనా?

కాలేదు. కేరళలోని కొట్టియూర్ కేసు చదవండి. మైనరు బాలిక బిడ్డను కన్నాక, దానికి కారణం సొంత తండ్రే అన్న మాట మొదట బయటికి వచ్చింది. ఆ తర్వాతే పారిష్ గురువు రాబిన్ వడక్కుంచేరి పేరు తేలింది. కోర్టులో బాలిక, తల్లిదండ్రులు అడ్డం తిరిగారు. అయినా డీఎన్ఏ పరీక్ష, వయసు పత్రాల ఆధారంగా 2019 ఫిబ్రవరిలో తలశ్శేరి పోక్సో కోర్టు ఆయనకు 20 ఏళ్ల శిక్ష వేసింది. 2021లో కేరళ హైకోర్టు దాన్ని 10 ఏళ్లకు తగ్గించింది కానీ నేరం నిలిచింది. మాట వెనక్కి తీసుకున్నారంటే మొదటి మాట అబద్ధమని కాదు, మధ్యలో ఎవరో వచ్చి వెళ్లారని కూడా కావచ్చు.

రాజీ కుదిరిందన్న కారణంతో ఇలాంటి కేసులు కొట్టేయకూడదని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజస్థాన్‌కు చెందిన ఒక ఉపాధ్యాయుని కేసులో స్పష్టం చేసింది. కాబట్టి వేపచెట్టు కింద పంచాయితీ పెట్టి రాసుకున్న స్టాంపు కాగితం కేసును ఆపదు. ఆ కాగితం మీద సంతకాలు పెట్టిన పెద్దలే చిక్కుల్లో పడతారు.

మేత్రాణులకు (బిషప్ గారికి) ఉత్తరం రాశాం. అది చాలదా?

చాలదు. ఆయనకు చెప్పండి, కానీ పోలీసులకు చెప్పడానికి అది బదులు కాదు. తన కింద పనిచేసేవారి నేరం తెలిసీ చెప్పని సంస్థ అధిపతికి పోక్సో 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది. హాస్టల్ బాలికల కేసులో సమాచారం ఇవ్వని డాక్టరుపై ఎఫ్ఐఆర్‌ను బొంబాయి హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది.

శ్రీసభ లోపలి దారి కూడా ఇదివరకటిలా లేదు. జగద్గురువు (పోప్) ఫ్రాన్సిస్ 2019లో తెచ్చి 2023లో శాశ్వతం చేసిన నియమాల ప్రకారం గురువులు, సన్యాసినులు తమకు తెలిసినదాన్ని పై అధికారికి చేర్చాల్సిందే. ఫిర్యాదు చేసినవారిని మౌనంగా ఉండమని కట్టడి చేయకూడదు, వారిపై కక్ష తీర్చుకోకూడదు. ఆరోపణ పీఠాధిపతి మీదే అయితే అది అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) చేతికి వెళ్తుంది, నల్గొండ మేత్రాసనానికి (డయోసిస్‌కు) అది హైదరాబాద్. "బయట ఎవరికీ చెప్పనని ప్రమాణం చెయ్యి" అని ఎవరైనా దివ్యగ్రంథం మీద చెయ్యి పెట్టిస్తే, ఆ ప్రమాణానికి శ్రీసభ చట్టంలోనే విలువ లేదు.

ఫాదర్‌ను వేరే పారిష్‌కు బదిలీ చేశారు. తప్పు ఒప్పుకున్నట్టా?

ఒప్పుకున్నట్టూ కాదు, చర్య తీసుకున్నట్టూ కాదు. విచారణ ముగిసేదాకా సేవ నుంచి పక్కన పెట్టడం ఒక జాగ్రత్త, అది శిక్ష కాదు, నిర్దోషికి కూడా అది రక్షణే. ఏమీ చెప్పకుండా మరో బోర్డింగ్ ఉన్న చోటికి పంపడం వేరు. 2002లో బోస్టన్‌లో బయటపడి కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామాకు దారితీసింది సరిగ్గా ఈ అలవాటే.

పాపసంకీర్తనంలో (కన్ఫెషన్‌లో) తెలిసిన సంగతి గురువు చెప్పాలా?

ఇక్కడ రెండు చట్టాలు ఢీకొంటాయి. శ్రీసభ చట్టం ప్రకారం ఆ రహస్య ముద్రను ఏ కారణానా విప్పకూడదు. పోక్సోలో గురువుకు మినహాయింపు లేదు, మన సాక్ష్య చట్టంలో వకీలుకు, భార్యాభర్తలకు ఉన్న రక్షణ గురువుకు లేదు. ఆచరణలో గురువు చేయగలిగింది, ఆ మాటే బయట చెప్పమని పిల్లను ధైర్యపరచడం. సంకీర్తనం బయట, ఆఫీసులోనో వరండాలోనో విన్నదానికి మాత్రం ఈ సాకు పనికిరాదు.

ఫిర్యాదు చేసింది పెద్దవాళ్లు, లేదా సిస్టర్ అయితే?

నేరం జరిగినప్పుడే 18 ఏళ్లు నిండి ఉంటే పోక్సో వర్తించదు, మూడో వ్యక్తి తప్పనిసరిగా చెప్పాలన్న నియమమూ ఉండదు. నిర్ణయం ఆమెదే. నమ్మకం, అధికారం ఉన్న స్థానంలోని వ్యక్తి చేసిన అత్యాచారానికి భారతీయ న్యాయ సంహితలో హెచ్చు శిక్ష ఉంది. స్కూలు, ఆసుపత్రి ఉద్యోగినులకు పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం కింద అంతర్గత కమిటీ దారి ఉంది, మూడు నెలల్లోగా వెళ్లాలి. ఆమె గత జీవితం గురించి, ఎవరితో చనువుగా ఉండేదన్న దాని గురించి కోర్టులో ఎత్తడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. గుడి మెట్ల మీద ఎత్తేవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

వాట్సాప్‌లో పెడితే అందరూ జాగ్రత్తపడతారు కదా?

పెట్టకండి. పిల్ల పేరు రాయకపోయినా స్కూలు, తరగతి, ఊరు రాస్తే గుర్తుపట్టినట్టే. పోక్సో 23వ సెక్షన్ కింద అదే ఒక నేరం.

మా మతాన్నే ఎందుకు వేలెత్తి చూపుతారు?

ఆశ్రమాల్లో, హాస్టళ్లలో, ఇళ్లల్లో ఈ నేరం అంతటా ఉంది, కతోలిక గురువులకే ప్రత్యేకం కాదు. కానీ మన శ్రీసభ దగ్గర కాగితాలు ఉన్నాయి. అమెరికా పీఠాధిపతులే చేయించి 2004లో విడుదల చేసిన అధ్యయనంలో 1950 నుంచి 2002 దాకా 4,392 మంది గురువులపై 10,667 మంది ఆరోపణలు చేసినట్టు నమోదైంది. ఆ కాలంలో సేవ చేసిన గురువుల్లో అది నాలుగు శాతం. ఫ్రాన్స్‌లో శ్రీసభ నియమించిన స్వతంత్ర కమిషన్ 2021లో 1950 నుంచి గురువుల, సన్యాసుల చేతుల్లో 2,16,000 మంది పిల్లలు బాధితులయ్యారని అంచనా వేసింది. మొదటిది నమోదైన ఆరోపణల లెక్క, రెండోది సర్వే అంచనా. రెండింటినీ కలిపి వాదించకూడదు. ఇవి శత్రువులు వేసిన లెక్కలు కావని మాత్రం గుర్తించాలి.

నల్గొండలో ముందు ఎక్కడికి పోవాలి?

ఏ పోలీసు స్టేషన్ అయినా సరే. తమ పరిధి కాదని పంపించకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. పిల్లల కోసం 1098, అత్యవసరానికి 112, మహిళలకు 181 ఉన్నాయి. జిల్లా కేంద్రంలో భరోసా కేంద్రం ఉంది, అక్కడ వాంగ్మూలం, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి. స్టేషన్ గేటు చూడగానే కాళ్లు వణికే పిల్లలను నేను అక్కడికే తీసుకుపోతాను. కేసు పోక్సో ప్రత్యేక కోర్టుకు వెళ్తుంది; 2020 ఫిబ్రవరిలో హాజీపూర్ బాలికల హత్యల కేసులో తీర్పు వచ్చింది నల్గొండలోని ఆ కోర్టు నుంచే. మధ్యంతర పరిహారానికి శిక్ష పడేదాకా ఆగాల్సిన పనిలేదు, ఎఫ్ఐఆర్ అయ్యాక ఎప్పుడైనా అడగవచ్చు.

వెళ్లేటప్పుడు పిల్ల చెప్పిన మాటలు ఆమె చెప్పిన భాషలోనే, మీరు దిద్దకుండా, తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆనాటి బట్టలుంటే ఉతకకండి. ట్రంకు పెట్టె ఖాళీ చేయకండి.